39 దగ్గర ఆగిన పేపర్: వెరిఫికేషన్‌కు వేయాలా, కాపీ తెప్పించాలా?

హన్మకొండ_ఆర్టికల్

అన్నలకు, అక్కలకు నమస్తే. సీఏ ఇంటర్ (చార్టర్డ్ అకౌంటెన్సీ రెండో మెట్టు పరీక్ష) రిజల్ట్ వచ్చిన ప్రతిసారి మా ఆఫీసుల చుట్టూ ఇదే లొల్లి. ఒక లెక్క పెడుతున్న, దీని మీద చెప్పుండ్రి. గ్రూప్ 1లో అడ్వాన్స్‌డ్ అకౌంటింగ్ 52, లా 39, టాక్సేషన్ 61. మొత్తం 152. గ్రూప్‌కు కావాల్సింది 150, అది దాటింది. పేపర్‌కు కనీసం 40 రావాలె, లాలో ఒక్క మార్కు తక్కువైంది, గ్రూప్ మొత్తం పోయింది.

ఒకే మెటీరియల్ చదివి, దాదాపు ఒకే తీరుగ రాసిన ఇద్దరికి 54 ఒకరికి, 39 ఒకరికి ఎట్ల వస్తయ్? ఎక్కడ పోయిందో చెప్పమంటే చెప్పేవాళ్లు లేరు. వెరిఫికేషన్‌కు వేయాల్నా, దిద్దిన పేపర్ కాపీ తెప్పించాల్నా, రెండూనా? డబ్బులు దండగ చేసుకోవద్దని అడుగుతున్న.

సుబేదారి_సీఏ

తమ్మీ, ముందుగాల గడువు చూసుకో. రిజల్ట్ వచ్చిన రోజు నుంచి 30 రోజులే. వెరిఫికేషన్‌కు పేపర్‌కు 100 రూపాయలు, ఎన్ని పేపర్లు పెట్టినా 400 దాటదు. దిద్దిన ఆన్సర్ బుక్ సర్టిఫైడ్ కాపీకి పేపర్‌కు 500. ఇవి రెండు వేర్వేరు దరఖాస్తులు. ఒకటి వేస్తే రెండోది దానంతట అది రాదు.

ఇక అసలు ముచ్చట. వెరిఫికేషన్ అంటే రీవాల్యుయేషన్ కాదు. మనకు ఇంటర్ బోర్డుకు రీకౌంటింగ్‌కు 100, స్కాన్ కాపీతో రీవెరిఫికేషన్‌కు 600 కట్టి అలవాటు. డిగ్రీల రీవాల్యుయేషన్ కూడా చూసి వస్తరు. ఇక్కడ కూడా అట్లనే ఎవరో కూర్చొని జవాబు మళ్లా చదువుతరు అనుకుంటరు. చదవరు. చార్టర్డ్ అకౌంటెంట్స్ రెగ్యులేషన్స్, 1988లో 39(4) అని ఉంటది, ఒక్కసారి తీసి చూడు. చూసేవి రెండే: రాసిన ప్రతి జవాబుకు మార్కు పడ్డదా లేదా, కూడిక సరిగ్గా ఉన్నదా లేదా. తప్పు బయటపడితే కట్టిన ఫీజు మొత్తం వాపసు ఇస్తరు.

విడివిడి ప్రశ్నల మార్కులు వెరిఫికేషన్ జవాబులో ఇయ్యరని కూడా అదే రూలులో రాసి ఉన్నది. అందుకే ‘మార్పు లేదు’ అని ఒక్క ముక్క వస్తది. దాన్ని చూసి మన మొర విననే లేదనిపిస్తది. కానీ ఆ లెటర్ రాసినాయన చేతిల ఏం లేదు, రూలే ఆయనను అంతవరకే చెప్పనిస్తున్నది.

మంచిర్యాల_ఫైనల్

అట్లయితే 100 మాత్రం ఎందుకు కట్టాలె? కాపీ తెప్పిచ్చుకున్నా మార్కు పెరగదు. నా మాట విని తర్వాతి అటెంప్ట్‌కు చదువుకో, ఇవన్నీ టైం పాస్.

సుబేదారి_సీఏ

అందరికీ ఆ మాట చెప్పొద్దు. 39 మార్కులు వచ్చినోడికి వేరు, 28 వచ్చినోడికి వేరు.

ఒక దిద్దిన పేపర్ ఎట్లుంటదో దగ్గరగ చూద్దాం. 3వ ప్రశ్న 14 మార్కులు, (ఎ), (బి), (సి) ముక్కలుగ ఉన్నది. 3(ఎ)కి 4 పడ్డయ్, 3(బి)కి 3 పడ్డయ్. 3(సి) మాత్రం ఆడ కాకుండా, పదిహేను పేజీల తర్వాత, 5వ ప్రశ్న అయిపోయినంక రాసిండు. ఇప్పుడు ఆ పేజీ మీద ఏమున్నదో చూడాలె. అక్కడ ‘0’ వేసి ఉంటే, దిద్దినాయన చదివిండు, మార్కు ఇయ్యలేదు. అది ఆయన తీర్పు, వెరిఫికేషన్‌లో దాన్ని ముట్టరు. అదే అక్కడ ఏమీ లేకుంటే, సున్నా కూడా లేకుంటే, ఆ జవాబును అసలు దిద్దలేదు. వెరిఫికేషన్ పట్టేది దీన్నే.

సున్నాకు, ఖాళీకి మధ్య ఉన్న ఈ తేడా మీదనే నీ 100 రూపాయలు పనికొచ్చుడో పోవుడో ఆధారపడి ఉన్నది. జవాబులన్నీ వరుసగ, ప్రతి ప్రశ్న కొత్త పేజీల మొదలుపెట్టి రాసినోడికి ఖాళీ మిగిలే అవకాశం చాలా తక్కువ. ముక్కలు ముక్కలుగ రాసినోడికి ఎక్కువ. ఇప్పుడు పేపర్లు స్కాన్ చేసి కంప్యూటర్ తెర మీద దిద్దుతున్నరు. ముందటి లెక్క కాగితం పుస్తకం తిరగేసే పని లేదు. ఎక్కడో వెనుక పేజీల ఉన్న ముక్క కంటికి దూరమైతది.

కరీంనగర్_ట్యూటర్

సుబేదారి సార్ చెప్పినదానికి ఒకటి కలుపుతాను. ఖాళీ కనిపించగానే ఫిర్యాదు రాయకండి. ముందు మీరు ఎన్ని ప్రశ్నలు రాశారో లెక్కపెట్టండి. లా పేపర్‌లో 1వ ప్రశ్న తప్పనిసరి, మిగిలిన ఐదింటిలో నాలుగు రాయాలి. ఐదూ రాస్తే పుస్తకంలో మొదట వచ్చిన నాలుగే దిద్దుతారు, తరువాతది వదిలేస్తారు. చివర రాసినది బాగా వచ్చిందని, మొదట రాసిన బలహీనమైన దాన్ని కొట్టెయ్యకుండా వదిలినవారు ఇక్కడ నష్టపోతారు. ఆ ఖాళీ పొరపాటు కాదు, నిబంధన. అదనంగా రాసే ఆలోచన ఉంటే ముందటి జవాబు మీద అడ్డంగా స్పష్టంగా గీత కొట్టి ‘రద్దు’ అనే అర్థం వచ్చేలా రాయాలి.

ఇక 54, 39 తేడా గురించి. దీని మీద కోపం రావడం న్యాయమే. కానీ తేడా ఎక్కడ పుడుతుందో చూస్తే కొంత మన చేతిలోనూ ఉంటుంది. ఎనుమాముల మార్కెట్ చుట్టూ ఉన్న జిన్నింగ్ మిల్లుల లెక్కలు రాసే పిల్లలకు బాగా తెలిసిన విషయమే తీసుకుంటాను.

ప్రశ్న ఇలా ఉందనుకోండి: రిజిస్టరైన మిల్లు ఒక రైతు దగ్గర 10,00,000 రూపాయల పత్తి కొన్నది, రేటు 5 శాతం, జీఎస్టీ ఎవరు కట్టాలి, ఎట్లా కట్టాలి? 4 మార్కులు. రోజూ ఆ పని చేసే ఆర్టికల్ (సీఏ ఆఫీసులో శిక్షణలో ఉన్నవారు) రాసేది: ‘మిల్లు ఆర్‌సీఎం కింద 50,000 కట్టాలి.’ ఆర్‌సీఎం అంటే అమ్మినవారికి బదులు కొన్నవారే పన్ను కట్టే పద్ధతి. జవాబులో తప్పు లేదు. ఆఫీసులో సార్‌కు ఆ ఒక్క వాక్యం చాలు.

పరీక్షలో అందులో నాలుగు మెట్లున్నాయి. రైతు తన పొలంలో పండిన పంట అమ్మినంత వరకు జీఎస్టీ చట్టం సెక్షన్ 23 కింద రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. సెక్షన్ 9(3) కింద నోటిఫై చేసిన సరుకుల్లో రైతు అమ్మే పత్తి ఉంది, కాబట్టి కొన్న మిల్లే పన్ను కట్టాలి. 10,00,000 మీద 5 శాతం అంటే 50,000. ఆ మొత్తాన్ని క్యాష్ లెడ్జర్ నుంచే కట్టాలి, ఉన్న ఐటీసీతో (కొనుగోళ్ల మీద ముందే కట్టిన పన్ను జమతో) సర్దకూడదు; కట్టిన తరువాత అర్హత ఉంటే దానికి ఐటీసీ తీసుకోవచ్చు.

నాలుగూ రాసిన జవాబుకు ఎవరు దిద్దినా మూడున్నరకు తగ్గదు. ఒక్క వాక్యం రాసినదానికి ఒకరు 2 ఇస్తారు, ఒకరు 1 ఇస్తారు, ‘విషయం తెలుసు’ అనుకున్నవారు 3 కూడా ఇస్తారు. రాయని మెట్టు ప్రతిదీ దిద్దేవారి మనసుకు వదిలేసిన మార్కు. ఇలాంటివి పేపరంతా పది ఉంటే పది, పదిహేను మార్కుల తేడా వచ్చేస్తుంది.

లాలోనూ ఇంతే. చట్టం ఏమంటుంది, ఇచ్చిన సంగతికి అది ఎట్లా వర్తిస్తుంది, చివరకు తీర్పు ఏమిటి. మూడు పేరాలు. సెక్షన్ నంబర్ మీద అనుమానం ఉంటే ‘కంపెనీల చట్టం, 2013 ప్రకారం’ అని రాసి ముందుకు పోండి. తప్పు నంబర్ వేస్తే సరైన వివరణ కూడా అనుమానంగా కనిపిస్తుంది.

హన్మకొండ_ఆర్టికల్

సార్, దండం. కానీ సజెస్టెడ్ ఆన్సర్స్ వస్తయ్ కదా. వాటితో పోల్చి చూపెట్టి ‘ఇది సరైన జవాబే, మార్కు ఎందుకియ్యలే’ అని అడగొచ్చు కదా?

కరీంనగర్_ట్యూటర్

అడగవచ్చు. కానీ బోర్డ్ ఆఫ్ స్టడీస్ (సంస్థ చదువుల విభాగం) పరీక్ష తరువాత వేసే సజెస్టెడ్ ఆన్సర్స్ చదువుకోవడానికి తయారైనవి. అందులో ఏ వాక్యానికి ఎన్ని మార్కులో ఉండదు. దిద్దేవారికి ఇచ్చే సూచనలు వేరు, అవి బయటకు ఇవ్వరు. మీ జవాబు సజెస్టెడ్‌తో కలిసిందని చూపితే ‘విషయం సరైనదే’ అని తేలుతుంది, ‘ఇన్ని మార్కులు రావాలి’ అని తేలదు.

ఒక్క సందర్భంలో మాత్రం సజెస్టెడ్ బాగా పనికొస్తుంది. ప్రశ్నకు రెండు అర్థాలు వచ్చే చోట సజెస్టెడ్‌లో ‘ప్రత్యామ్నాయ జవాబు’ అని ఇస్తారు. మీది ఆ రెండో దారిలో ఉండి సున్నా పడితే, కాగితం మీద పెట్టాల్సిన బలమైన మాట అదే.

జగిత్యాల_ఆర్టీఐ

దిద్దేటోళ్ల సూచనలు ఎందుకియ్యరు అన్నదానికి సుప్రీంకోర్టు తీర్పే ఉన్నది. వరుసగ చెప్తా, కలగాపులగం చేసుకోకుండ్రి.

2011 ఆగస్టులో సీబీఎస్ఈ, ఆదిత్య బందోపాధ్యాయ కేసు. నీ దిద్దిన పేపర్ నువ్వు చూసుకునే హక్కు ఆర్టీఐ (సమాచార హక్కు చట్టం) కింద నీకున్నదని చెప్పింది. దిద్దినాయన పేరు, సంతకం మాత్రం బయటపెట్టరు. పేపర్ వాళ్ల దగ్గర దాచి ఉన్నంత కాలమే ఇస్తరు కాబట్టి ఆలస్యం చేస్తే దొరకకపోవచ్చు.

2011 సెప్టెంబర్‌లో ఐసీఏఐ (మన సీఏ పరీక్షలు పెట్టే సంస్థ), శౌనక్ సత్య కేసు. ఇది నేరుగ మన పరీక్షదే. ఎగ్జామినర్లకు ఇచ్చిన సూచనలు, పరిష్కారాలు ఇయ్యక్కర్లేదన్నది. కానీ అదే తీర్పుల పరీక్ష పెట్టే సంస్థలు పాత ఆలోచన విడిచి వీలైనంత సమాచారం బయటపెట్టే పద్ధతికి అలవాటు పడాలని కూడా గట్టిగ చెప్పింది. ఈ రెండో మాట ఎవరూ యాది చేయరు. నా దృష్టిల మన ఉత్తరాలల్ల రాయాల్సిన మాట అదే.

2019లో కంపెనీ సెక్రటరీల సంస్థ, పారస్ జైన్ కేసు. ఆ సంస్థ కాపీకి 500 అడిగితే, ఆయన ఆర్టీఐ రేటుకే ఇయ్యమన్నడు. కోర్టు రెండు దారులూ ఉన్నయ్, ఏది కావాల్నో అభ్యర్థి ఇష్టం అన్నది. ఆర్టీఐల దరఖాస్తుకు 10, పేజీకి 2 రూపాయలు. 32 పేజీల పుస్తకమనుకుంటే 64, మొత్తం 74. 500 ఎక్కడ, 74 ఎక్కడ.

ఇందూరు_లెక్కలు

జగిత్యాల అన్నా, లెక్క బాగనే ఉన్నది గని ఒక ఇబ్బంది ఉన్నది. ఆర్టీఐ జవాబుకు 30 రోజుల గడువు. పోస్టుల పోయి చేరేది కలిపితే ఇంకెక్కువే. అంటే కాపీ చేతికి వచ్చేసరికి వెరిఫికేషన్ గడువు దాటిపోతది. కాపీల ఖాళీ కనబడ్డా ఏం చేస్తవు?

జగిత్యాల_ఆర్టీఐ

కరెక్ట్ మాట. అందుకే 37, 38, 39 మీద ఆగినోళ్లు కాపీ కోసం ఆగొద్దు. మొదటి వారంలనే 100 కట్టి వెరిఫికేషన్‌కు వెయ్యాలె. కాపీ సంగతి దానికి సమాంతరంగ నడవాలె. అర్జెంటుంటే 500 దారి, లేకుంటే ఆర్టీఐ. ఆర్టీఐ దారి ఎవరికి సరిపోతదంటే, మార్కు పెరుగుడు మీద ఆశ లేకుండా తప్పులు తెలుసుకోవాలనుకునేటోళ్లకు. 28, 30 వచ్చినోళ్లకు అది చాలు.

మంచిర్యాల_ఫైనల్

సరే, 100 సంగతి ఒప్పుకుంటున్న. కానీ పేపర్ కఠినంగ వచ్చినప్పుడు అందరికీ మార్కులు సవరిస్తరని అంటరు కదా. అది ఒకరికి ఇచ్చి ఒకరికి ఇయ్యకపోవుడు అన్యాయం కాదా?

ఇందూరు_లెక్కలు

అది కూడా రెగ్యులేషన్ 39లనే ఉన్నది, 39(2). ఒక పేపర్‌ల లేదా మొత్తంల, అభ్యర్థులందరి మార్కులు గానీ ఒక వర్గం మార్కులు గానీ సవరించే అధికారం సంస్థను నడిపే కౌన్సిల్‌ది. ఒక ఎగ్జామినర్ మరీ బిగబట్టి దిద్దితే ఆయన దిద్దిన కట్టలను మిగతా వాటితో సమం చేయాలంటే ఇట్లాంటిది ఉండాల్సిందే. ఉండుడు తప్పు కాదు.

నా బాధ వేరే ఉన్నది. ఏ పేపర్‌ల సవరణ జరిగిందో, ఏ పద్ధతిల జరిగిందో పిల్లగానికి తెలవదు. 39 వచ్చినోడు అది సవరణ తర్వాతి 39నా, ముందటి 39నా అని ఊహించుకుంటనే ఉంటడు. ‘ఈ పేపర్‌ల సవరణ చేసినం’, ‘చెయ్యలేదు’ అని రిజల్ట్‌తో పాటు ఒక్క వాక్యం వేస్తే సగం పుకార్లు ఆ రోజే ఆగిపోతయ్. రహస్యం పోయేదేం లేదు, ఏ ఎగ్జామినర్ పేరూ బయటికి రాదు. దీన్ని మనం గట్టిగ అడగాలె. మార్కు పెంచుమని అడుగుడు కంటే ఇది న్యాయమైన కోరిక.

సుబేదారి_సీఏ

ఇందూరు మాటకు నేను నూటికి నూరు ఒప్పుకుంట. వాదించేది ఉంటే ఇసొంటి వాటి మీద వాదించాలె.

హైకోర్టుకు పోదామనేటోళ్లకు ఒక మాట. 2017 రణ్ విజయ్ సింగ్ తీర్పు చూడండి. రీవాల్యుయేషన్ రూలులో లేనప్పుడు, ఎక్కువ తర్కం, వివరణ అవసరం లేకుండా తప్పు కండ్లకు కొట్టినట్టు కనబడాలె, అది కూడా అరుదుగ. ‘5కు 2 ఇచ్చిండ్రు, 4 రావాలె’ అనేది అక్కడ నిలవదు. ఆ ఖర్చుతోని రెండు అటెంప్ట్‌ల ఫీజు కట్టొచ్చు.

తమ్మీ, నీ లెక్కకొస్త. టాక్సేషన్‌ల 61 ఉన్నది, 60 దాటింది కాబట్టి ఆ పేపర్‌కు ఎగ్జెంప్షన్ వస్తది, అంటే అది మళ్ల రాయక్కర్లేదు, తర్వాతి మూడు అటెంప్ట్‌ల దాకా. ఆ 61 గ్రూప్ మొత్తంల కూడా కలుస్తది. 150ల 61 తీసేస్తే 89. అంటే అకౌంటింగ్, లా రెండూ కలిపి 89 తేవాలె, దేంట్లనూ 40కి తగ్గొద్దు. 52 మాత్రం మిగలదు, అది మళ్ల రాయాల్సిందే. రెండు పేపర్లకు 49, 40 వచ్చినా దాటుతవు. ఇది భయపడే లెక్క కాదు.

ఒక్కటి మాత్రం మర్చిపోకు. 2025 నుంచి ఇంటర్ ఏడాదికి మూడుసార్లు, జనవరి, మే, సెప్టెంబర్. రిజల్ట్‌కు, తర్వాతి ఫారానికి మధ్య టైం చాలా తక్కువ. వెరిఫికేషన్ జవాబు వచ్చినంక ఫారం నింపుదామని కూర్చుంటే ఒక అటెంప్ట్ పోతది. ఫారం నింపు, చదువు మొదలుపెట్టు, వెరిఫికేషన్ దాని దారిన అది నడుస్తది.

హన్మకొండ_ఆర్టికల్

అర్థమైంది అన్నా. ఇంకొక్కటి. కాపీల నిజంగనే ఖాళీ కనబడ్డదనుకో, ఉత్తరం ఎట్ల రాయాలె? మావోళ్లు నాలుగు పేజీలు రాస్తరు, జవాబు రాదు.

కరీంనగర్_ట్యూటర్

నాలుగు పేజీలు రాస్తే జవాబు రాకపోవడంలో ఆశ్చర్యం లేదు. అందులో ఎన్ని గంటలు చదివారు, ఇంట్లో పరిస్థితి ఏమిటి, అన్నీ ఉంటాయి. చదివేవారు వెతుక్కోవాల్సి వస్తుంది. అర పేజీలో ముగించండి.

పైన రిజిస్ట్రేషన్ నంబర్, రోల్ నంబర్, పరీక్ష నెల, పేపర్ నంబర్. తరువాత ఒకే విషయం: ‘ఆన్సర్ బుక్ 24వ పేజీలో 3(సి) జవాబు ఉంది. ఆ జవాబు దగ్గర మార్కు గానీ సున్నా గానీ లేదు. నేను 1, 2, 3, 4, 5 ప్రశ్నలు మాత్రమే రాశాను, నిర్ణీత సంఖ్య దాటలేదు. దయచేసి పరిశీలించి తెలపగలరు.’ ఆ పేజీ కాపీ, మార్కుల పట్టిక పేజీ కాపీ జతచేయండి. రెండోసారి రాసేటప్పుడు మొదటి దాని తేదీ, టికెట్ నంబర్ తప్పకుండా రాయండి.

‘తక్కువ వేశారు’ అనే మాట అదే ఉత్తరంలో పెట్టకండి. ఖాళీ గురించిన ఫిర్యాదు పక్కన తీర్పు మీద ఫిర్యాదు పెడితే, మొత్తాన్ని ‘రీవాల్యుయేషన్ లేదు’ అనే ఒక్క జవాబుతో మూసేసే అవకాశం ఉంది.

పంపేది ముందు సంస్థ ఈ-సహాయతా పోర్టల్‌లో. అక్కడ టికెట్ నంబర్ వస్తుంది, మామూలు మెయిల్‌కు అది రాదు. చాలారోజులు కదలకపోతే కేంద్ర ప్రభుత్వ ఫిర్యాదుల పోర్టల్ సీపీగ్రామ్స్‌లో కార్పొరేట్ వ్యవహారాల మంత్రిత్వ శాఖ కింద వేయండి. 2024 మార్గదర్శకాల ప్రకారం అక్కడ పరిష్కారానికి 21 రోజులు పెట్టుకున్నారు. అక్కడ కూడా ఇదే అర పేజీ.

జగిత్యాల_ఆర్టీఐ

ఆర్టీఐ రాసేటోళ్లకు కూడా అదే మాట. 500 పదాలు దాటకుండా రాయాలని రూల్స్‌లనే ఉన్నది. ‘ఎందుకు తక్కువ వేసిన్రు’ అని అడగొద్దు, ఆర్టీఐల కాగితాలు అడగాలె గాని కారణాలు అడిగితే ‘మా దగ్గర లేదు’ అంటరు. ‘ఫలానా రోల్ నంబర్, ఫలానా పేపర్ దిద్దిన ఆన్సర్ బుక్ కాపీ’ అని రాస్తే చాలు. 30 రోజులల్ల రాకపోతే, వచ్చినా నచ్చకపోతే, ఇంకో 30 రోజులల్ల మొదటి అప్పీల్. దానికి ఫీజు లేదు. ఆ తర్వాత 90 రోజులల్ల కేంద్ర సమాచార కమిషన్.

హన్మకొండ_ఆర్టికల్

లాకు 100 కట్టి వెరిఫికేషన్, దాంతోపాటు ఆర్టీఐ. ఇట్ల పోదాం. పోస్టల్ ఆర్డర్ ఎవరి పేరు మీద తియ్యాలె అన్నా? ఖాళీగ పంపొచ్చా?

జగిత్యాల_ఆర్టీఐ

ఖాళీగ పంపకు. ‘అకౌంట్స్ ఆఫీసర్’ అని, కింద సంస్థ పేరు రాయి. హెడ్ పోస్టాఫీసుల 10 రూపాయల ఆర్డర్ దొరుకుతది, మీద చిన్న కమిషన్ పడుతది. ఆర్డర్ నంబర్ దరఖాస్తుల రాసి, రెండింటినీ ఫోటో తీసుకొని స్పీడ్ పోస్ట్ చెయ్యి. రసీదు దాచుకో, 30 రోజుల లెక్క అక్కడ చేరిన తేదీ నుంచి మొదలైతది.